నిలకడైన నాడి

సొరంగం క్యాంపు,
మూడో రేకుల షెడ్డు

బావా,

పైకి ఎక్కలేనివాడు భూమిలోకి దిగాడని నువ్వు వీధంతా చాటింపు వేస్తున్నావని అక్క రాసింది. వెయ్యి. అబద్ధమేం కాదు కదా. ఇక్కడ కొండ కడుపులోంచి రైలు దారి తొలుస్తున్నారు, నేను లోపలి గోడలకి సిమెంటు పూస్తున్నాను. నెత్తి మీద కొండ ఉందన్న బెంగే లేదు నాకు. కాళ్ళ కింద నేలుంటే చాలు, హాయిగా ఈల వేసుకుంటూ పనిచేస్తాను.

నిన్న మా షెడ్డులో మన చిమ్నీల పని గురించి చెబితే ఒక్కడూ నమ్మలేదు. ఫ్యాక్టరీ పొగగొట్టం మీదికి ఇనప మెట్లు పట్టుకుని ఎక్కడం, అంచు మీద గొంతుక్కూర్చుని ఇటుకల సందుల్లో సున్నం పూడ్చడం, అంతవరకూ సరేనన్నారు. ఎక్కేముందు జతగాళ్ళిద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని నాడి చూసుకుంటారనీ, దడ ఉన్నవాడు ఆ పూట కిందే ఉండిపోతాడనీ, ఎందుకని ఎవరూ అడగరనీ చెబితే మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు. "మీరు మేస్త్రీలా, నాటు వైద్యులా?" అని ఒకడు. నవ్వితే నవ్వనీ. ఆ పట్టింపు వల్లే మన జట్టులో ఇన్నేళ్ళుగా ఒక్క మనిషీ పడలేదు. నేను వారాల తరబడి కిందే ఉండిపోయి, ఆఖరికి సిగ్గు చంపుకుని ఇక్కడికి వచ్చిపడింది కూడా ఆ నాడి మాట వినే. నోరు బొంకుతుంది గానీ మణికట్టు బొంకదని నాకు నేర్పింది నువ్వేగా.

నీకు తలనొప్పి తగ్గట్లేదని, పొద్దున్నే మెడ పట్టేస్తోందని అక్క రాసింది. డాక్టరుకి చూపించుకోమంటే మొండికేస్తున్నావట. అక్కతో మొండితనం పెట్టుకుని నెగ్గినవాడు ఇంతవరకూ పుట్టలేదు బావా, నీకు తెలియంది కాదు. వెళ్ళు.

ఇక్కడ ఫోను లేదు. వారానికోసారి సామాన్ల లారీ వస్తుంది, ఉత్తరాల సంచి దానితోనే రావాలి, దానితోనే పోవాలి. నీ జతగాడు పిచ్చుక ఎలా ఉన్నాడు? యాభై దాటినా ఇంకా తూనిగలాగే ఎక్కుతున్నాడా?

నీ బావమరిది



మేడ మీది గది,
రైలు గేటు పక్క వీధి

ఒరే దడదడా,

నెగ్గలేదురా. మీ అక్క చెవి పట్టుకుని లాక్కెళ్ళింది. డాక్టరు నా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొడితే పాదరసం సర్రున ఎక్కింది. ఇంత ఎత్తు నేను కూడా ఎక్కలేదేమో అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. బీపీ కొంపలు ముంచేలా ఉందట. ఏం పనిచేస్తావని అడిగితే ఇటుక పనన్నాను. అబద్ధం కాదుగా! చిమ్నీ అన్నానంటే ఆయన రాసే మొదటి మందు ఇంట్లో కూర్చోమనే, అది నాకు అరగదు.

చిన్న తెల్ల మాత్ర రాసిచ్చాడు. ఇది గుండె మీద కాదు, తలలో పనిచేస్తుందన్నాడు. కూర్చున్నవాడివి దిగ్గున లేవకన్నాడు. ఇంకా ఏవో చెప్పాడు, మానెయ్యడం గురించి. సరిగ్గా వినలేదురా. కిటికీలోంచి ఎవరిదో చిమ్నీ కనబడుతోంది, దాని చుట్టూ బిగించిన ఇనప పట్టీల్లో మూడోది వంకరగా ఉంది. ఎవడు బిగించాడా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మాత్ర మాత్రం ఘనమైనదే. తలనొప్పి ఎగిరిపోయింది. నోరు ఎండిపోతోంది, నాలుక అంగిట్లో అతుక్కుంటోంది. మీ అక్క తిడుతుండగానే నిద్రపోయానట. ఇది మందు కాదు, వరం అన్నాను. దానికి ఇంకో గంట తిట్టింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను, నవ్వకు. గొంతుక్కూర్చుని లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రెండు మూడు ఊపిర్లు తీసేసరికి సర్దుకుంటుంది. కానీ నాడి మాత్రం బండరాయిలా ఉంది. మొన్న పిచ్చుక నా మణికట్టు పట్టుకుని, "మేస్త్రీ, ఇందులో ఎవరైనా ఉన్నారా, ఖాళీ చేసి వెళ్ళిపోయారా?" అన్నాడు. మాత్ర సంగతి వాడికి చెప్పలేదు. చెబితే వీధిలో ప్రతి గుమ్మానికీ చెప్పుకొస్తాడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఇప్పుడు గంజి మిల్లువాళ్ళ పెద్ద చిమ్నీకి పట్టీలు మార్చే పని వచ్చింది. ఎక్కనా, వద్దా? మీ అక్కని అడగలేను, దాని జవాబు నాకు తెలుసు. ఈ పని తెలిసినవాడివి, నువ్వే చెప్పు.

మీ బావ



సొరంగం క్యాంపు

బావా,

నవ్వకుండా ఎలా ఉంటాను? జట్టంతటికీ నాడి చూసి పంపే పెద్దమనిషివి, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని నన్ను అడుగుతావా? నేను ఈ పొద్దున దుప్పట్లోంచి లేస్తే నాకూ తిరిగాయి. రాత్రి వంటవాడు పెట్టింది తిన్న ప్రతివాడికీ తిరిగాయి, మా క్యాంపు డాక్టరమ్మకి ఊపిరాడలేదు.

నాడి ఎలా ఉందన్నదే లెక్క. ఆ మాట నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావు! కళ్ళు తిరగడం కడుపులోంచి వస్తుంది, దడ ఒక్కటే లోపలినుంచి వస్తుందనేవాడివి. నాలాగా మణికట్టులో డప్పులు మోగితే మానుకో అందును. నీది బండరాయిలా ఉంటే ఇంకేం కావాలి? ఎక్కు. ఆ మాత్రేదో ముందే దొరికి ఉంటే నేనూ నాలుగు మింగి నీ పక్కనే ఉండేవాణ్ణి కదా అనిపించింది.

పెద్ద చిమ్నీ మీద నుంచి నది కనబడుతుంది. మొదటిసారి ఎక్కినప్పుడు నువ్వే చూపించావు. నా తరఫున కూడా చూడు.

నీ బావమరిది



మేడ మీది గది

ఒరే దడదడా,

ఎక్కాను. నది ఉందక్కడే, ఎక్కడికీ పోలేదు.

పని బాగా సాగుతోంది. అంచు మీద పలకల అరుగు కట్టాం. నేను అక్కడ కూర్చుని తాడు చూసుకుంటాను, పిచ్చుక ఉయ్యాల పలక మీద కూర్చుని గొట్టం చుట్టూ వేలాడుతూ పట్టీలు విప్పుతాడు. విప్పుతున్నంతసేపూ ఈలే. కింద ఆడవాళ్ళు గంజిపొడి సంచులు మోస్తూ తలెత్తి చూస్తారు, చూసినకొద్దీ ఈల పెరుగుతుంది. వాడి పెళ్ళాం వాళ్ళలోనే ఉందన్న స్పృహ కూడా లేదు.

మొన్న మెట్లెక్కుతుంటే పైనుంచి ఒక ఇటుక ఊడి నా చెవి పక్కనుంచి పోయింది. పిచ్చుక ఆ సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాడు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. అప్పుడు గర్వపడ్డాను. కానీ నిన్న మన గేటు దగ్గర ఒక పసిపిల్ల పట్టాల మీదికి పరిగెత్తింది. రైలు వస్తోంది. అందరూ కేకలు. ఎవరో లాగేశారు, పిల్లకేం కాలేదు. నేను పక్కనే ఉండి నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డానురా. మనసులో అయ్యో అనుకున్నాను, ఒంట్లో మాత్రం ఏ కదలికా లేదు. ఇది మందా, వయసా?

మీ అక్క నన్ను అదోలా చూస్తోంది. నిన్న బీరువా కింది అరలోంచి తువ్వాలు తీసి లేచేసరికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. చూసింది. నేను గోడకి చెమ్మ ఎక్కిందా అని చూస్తున్నానన్నాను. నమ్మలేదు.

మీ బావ



సొరంగం క్యాంపు

బావా,

ఋషివైపోయావన్నమాట! ఇంకో మాత్ర వేసుకుంటే గడ్డం కూడా పెరుగుతుంది. కాషాయం కొనేముందు అక్కకి ఒక్క మాట చెప్పు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. సొరంగం గోడలోంచి నీళ్ళు కారుతున్నాయి, నేను పూసింది నేనే మళ్ళీ చెక్కాల్సి వస్తోంది. ఈ పని ఒక కొలిక్కి రాగానే సెలవు పెట్టి వస్తాను. పిచ్చుకకి చెప్పు, వాడి ఈల నాకు ఇక్కడ సొరంగంలో కూడా వినిపిస్తోందని. వచ్చినప్పుడు ముగ్గురం పెద్ద చిమ్నీ నీడలో కూర్చుందాం. నీడలోనే సుమా, పైకి పిలవకండి.

నీ బావమరిది



మేడ మీది గది

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. అది అందిన రోజే పిచ్చుక పోయాడు. పెద్ద చిమ్నీ మీద నుంచి. తాడు జారింది.

మీ అక్క బాగానే ఉంది. నేను బాగానే ఉన్నాను. పని ఆపేశారు.

మీ బావ



సొరంగం క్యాంపు

బావా,

నీ ఉత్తరం లారీ దగ్గరే నిలబడి చదివాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, డ్రైవరు వచ్చి భుజం తట్టాడు. పిచ్చుక లేకపోవడమేంటి? వాడి ఈల నాకు ఇక్కడ వినిపిస్తోందని రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది.

నువ్వు నాలుగు ముక్కలు రాశావు. ఇంత పొట్టి ఉత్తరం నువ్వు నాకెప్పుడూ రాయలేదు. అక్క అసలేమీ రాయలేదు. నువ్వెలా ఉన్నావో నాకు తెలియడం లేదు. ముందు చేతుల సంగతి చెప్పు. మనిషి బరువుతో తాడు జారితే అరచేతుల్లో తోలు మిగలదు. పోయినేడాది సిమెంటు బస్తా జారినందుకే నా చేతులు ఎన్నాళ్ళు కట్టుతో ఉన్నాయో నీకు గుర్తుంది. నువ్వు పట్టుకున్న తాడు, నువ్వు వదిలిపెట్టవు, ఎముక కనబడేదాకా పట్టుకునే ఉంటావు. కాబట్టి బాగా కాలి ఉంటాయి. మందు రాస్తున్నారా? అన్నం అక్క తినిపిస్తోందా? ఉత్తరం నీ చేతిరాతలోనే ఉంది, కట్లతో ఎలా రాశావు?

పిచ్చుక భార్యకి ఏం చెప్పను బావా? నువ్వు పక్కనుండి చూసుకుంటావని తెలుసు.

నీ బావమరిది



మేడ మీది గది

ఒరే,

నా అరచేతులకి ఏమీ కాలేదు.

నీ ఉత్తరం చదివి రెండు చేతులూ కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసుకున్నాను. తాడు ఒరుసుకున్న గీత కూడా లేదు. ఈ సంగతి ఇంకెవరూ అడగలేదు. మిల్లువాళ్ళు అడగలేదు, పోలీసులు అడగలేదు. తాడు జారిందంటే రాసుకుని వెళ్ళిపోయారు. ఇంత దూరంలో ఉండి నువ్వు అడిగావు.

ఆ పొద్దున వాడు నా మణికట్టు పట్టుకున్నాడు, నేను వాడిది పట్టుకున్నాను. వాడి నాడి కొంచెం తొందరగా ఉంది. కిందుండమన్నాను. "నీది చూస్తే నాకు ధైర్యం వచ్చింది మేస్త్రీ, గుడి గంటలా ఉంది, పద" అన్నాడు. నన్ను చూసి ఎక్కాడురా వాడు.

మధ్యాహ్నానికి వాడు కిందిపట్టీ దగ్గరికి దిగాలి. నేను వాడి తాడుని అది చుట్టిన గూటం మీద నుంచి పక్క గూటం మీదికి మార్చాలి. నీకు తెలుసుగా, మార్చేటప్పుడు ఒక్క క్షణం తాడు చుట్టు విప్పేసి చేత్తోనే పట్టుకోవాలి. వెయ్యిసార్లు మార్చాను. గొంతుక్కూర్చున్నవాణ్ణి తాడు పట్టుకుని లేచాను. కళ్ళు బైర్లు కమ్మాయి. మామూలుగా కమ్మేదే అనుకున్నాను, ఊపిరి తీశాను, అది వెళ్ళలేదు. తెలివొచ్చేసరికి అరుగు మీద కూలబడి ఉన్నాను. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, తెరుచుకుని, ఎవరైనా ఏదైనా పెడతారేమో అన్నట్టు. కింద నుంచి ఆడవాళ్ళ అరుపులు. తాడు జారలేదు. నేను వదిలేశాను.

ఇంతవరకూ రాసి ఆగాను. రాస్తుంటే ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. అది కూడా నీకు చెప్పాలి. వాణ్ణి తీసుకెళ్ళిన రోజు నుంచి ఇవాళ్టిదాకా నాకు కన్నీటి చుక్క రాలేదు. మనసులో మండుతోంది, చచ్చిపోవాలన్నంత మండుతోంది. ఒళ్ళు మాత్రం అదేదీ తనకి పట్టనట్టు కూర్చుంటుంది. దడ లేదు, చెమట లేదు. కళ్ళు ఇసక పోసినట్టు ఎండిపోయాయి. పాడె దగ్గర పెళ్ళి భోజనానికి వచ్చినవాడిలా నిలబడ్డానని ఎవరో అన్నారట.

అక్కడే పిచ్చుక భార్య నా దగ్గరికి వచ్చింది. అందరి ముందూ. నా మణికట్టు పట్టుకుంది. వాడు నేర్పినట్టున్నాడు, సరిగ్గా ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది. కాసేపు చూసి, "ఇంత నిలకడగా ఉందా అన్నయ్యా?" అంది. చెయ్యి వదిలేసింది.

తాడు నేనే వదిలానని ఆవిడకి చెప్పాలి. చెప్పకుండా నేను బతకలేను. కానీ ఈ నాడితో చెప్పలేను. చెబుతుండగా ఆవిడ మళ్ళీ నా చెయ్యి పట్టుకుంటే, అప్పుడూ ఇది ఇలాగే గుడి గంటలా కొట్టుకుంటే, నన్ను మనిషనుకుంటుందా? నేనే అనుకోవడం లేదు.

ఒక్క పని చెయ్యి. మీ క్యాంపులో డాక్టరమ్మ ఉందన్నావుగా. ఈ మాత్ర ఏడుపుని కూడా ఆపేస్తుందా అని అడుగు. ఇక్కడ డాక్టర్ని అడిగితే ఇటుక పని గురించి మళ్ళీ అడుగుతాడు. మందు పేరు చీటీ మీద రాసి ఇందులో పెట్టాను.

మీ బావ



సొరంగం క్యాంపు

బావా,

ఈ ఉత్తరం అందగానే చదువు. పక్కన పెట్టకు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా తెలివి ఇందులో ఏమీ లేదు.

మనిషి కూర్చున్నవాడు లేస్తే నెత్తురు కాళ్ళలోకి జారుతుందట. మెడ దగ్గరా గుండె దగ్గరా దాన్ని కాపలా కాసే నరాలుంటాయట. అవి తల అడుగుభాగానికి కబురు పంపితే, అక్కణ్ణించి హుకుం వస్తుందట: రక్తనాళాలు బిగించు, గుండె జోరు పెంచు అని. అదంతా మనకి తెలియకుండానే రెప్పపాటులో అయిపోతుంది. అందుకే మనం లేచినా పడిపోం. నీ తెల్ల మాత్ర ఆ హుకుం పుట్టే చోటే పనిచేస్తుందట. హుకుం గొంతు తగ్గించేస్తుంది. దానివల్లే బీపీ దిగుతుంది, దానివల్లే లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి.

భయమేసినా దుఃఖమొచ్చినా గుండె కొట్టుకునేది కూడా ఆ దారినేనట. కాబట్టి అవును బావా, దడ రానివ్వనిది ఆ మాత్రే. నోరు ఎండబెట్టేదీ, కళ్ళు ఎండబెట్టేదీ అదే. నువ్వు రాయివైపోలేదు. దుఃఖం నీలో ఉంది, అది ఒంట్లోకి దిగే దారిని మాత్ర మూసింది. ఇది ఆవిడతో నువ్వు చెప్పొచ్చు. కావాలంటే నేనొచ్చి చెబుతాను.

ఇప్పుడు అసలు మాట. దాన్ని ఒక్కసారిగా మానకూడదు. నేనింకా అడక్కముందే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిందంతా ఒక్కసారి తన్నుకొస్తుందట. ఒకట్రెండు రోజుల్లోనే బీపీ మొదట్లో ఉన్నదానికంటే పైకి పోతుంది, చెమటలు పడతాయి, గుండె పరుగు తీస్తుంది, తలనొప్పి తిరిగొస్తుంది, తలలో నరం చిట్లినా చిట్లుతుంది. మానాలంటే డాక్టరు చూస్తుండగా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. వేరే మందులున్నాయట, కళ్ళు ఎండబెట్టనివి. డాక్టరుకి నీ పనేమిటో నిజం చెప్పు. మానెయ్యడం గురించి ఏదో చెప్పాడు, వినలేదని రాశావే, ఆయన చెప్పింది ఇదే.

బావా, ఎక్కు అని రాసింది నేను. నువ్వు అడిగావు, నేను వంటవాడి మీద జోకు వేసి ఎక్కమన్నాను. నాడి బండరాయిలా ఉంటే మంచిదేనని మనిద్దరమూ నమ్మాం, పిచ్చుకా నమ్మాడు. దడ ఉన్నందుకు నేను బతికున్నాను, నీకు అది లేనందుకు వాడు పోయాడు. ఇందులో నీ వాటా ఎంతో నా వాటా అంత ఉంది. ఒక్కడివే మొయ్యకు.

వచ్చే లారీకి సెలవు దొరికింది. నేను వచ్చేదాకా మాత్ర మానకు. నా మీద ఒట్టు.

నీ బావమరిది



మేడ మీది గది

ఒరే దడదడా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఇంక అక్కర్లేదులే, జవాబు నాకే దొరికింది.

మొన్న పొద్దున్న సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేసి, సీసాని కిటికీలోంచి పట్టాల మీదికి విసిరేశాను. అంతే, అప్పట్నించి వేసుకోలేదు. నిన్న మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. సాయంత్రం గేటు దగ్గర రైలు కూత వేసింది. ఉలిక్కిపడ్డానురా! ఎన్ని నెలలైంది ఉలిక్కిపడి! రాత్రంతా నిద్ర లేదు. తెల్లారేసరికి వచ్చింది. గుండెల్లో రైళ్ళు పరిగెడతాయంటారే, ఇన్నాళ్ళూ రైలు గేటు పక్కనే ఉండి ఆ మాట ఇంత నిజమని నాకు తెలీదు.

నా మణికట్టు నేనే పట్టుకుని కూర్చున్నాను. ఎలా కొట్టుకుంటోందో తెలుసా? నీది కూడా ఇలా కొట్టుకోలేదు ఎప్పుడూ. పిచ్చుక చూసి ఉంటే మెట్టు మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ఆ మాట అనుకోగానే ఏడుపొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, మీ అక్క వినకూడదని. వాడి ఈల గుర్తొచ్చింది, వాడు సున్నం చేత్తో తల గోక్కుని ముసలాడిలా తయారయ్యేవాడే, అది గుర్తొచ్చింది. తాడు కదలడం గుర్తొచ్చింది. ఆ రోజు నా చేతుల్లోంచి తాడు ఎలా వెళ్ళిందో అప్పుడు తెలీలేదు, ఇప్పుడు తెలిసింది. అరచేతులు మండుతున్నాయి, నిజంగా.

మీ అక్క పాలకి వెళ్ళింది. కాగితం మీద మరకలు చెమటవి, ఏమీ అనుకోకు. తలనొప్పి పాత చుట్టంలా తిరిగొచ్చింది, మెడ తిప్పలేకపోతున్నాను. వస్తే రానీ. ఇది ఉండగానే పిచ్చుక ఇంటికి వెళ్ళాలి. ముందు చెయ్యి చాపుతాను. పట్టుకుని చూడమ్మా, ఇప్పుడు చూడు అంటాను. అది చూశాక నేను చెప్పేది వింటుంది. తాడు జారలేదమ్మా, నేను వదిలేశాను అంటాను. ఆ తర్వాత కొడుతుందో, తిడుతుందో, పోలీసుల్ని పిలుస్తుందో, ఏదైనా సరే. మనిషికి పడాల్సిన శిక్ష మనిషిలాగే పడతాను.

చొక్కా వేసుకుని బయల్దేరుతున్నాను. ఆవిడ ఏమందో వచ్చి రాసి ఇది పూర్తి చేస్తా


తమ్ముడూ,

ఇక్కణ్ణించి రాస్తున్నది నేను, అక్కని. ఆయన రాసిన కాగితం ఇవాళే చూశాను, దాని కిందే రాస్తున్నాను. వేరే కాగితం వెతికే ఓపిక లేదు.

నేను పాలు తెచ్చేసరికి మెట్ల మీద పడి ఉన్నారు. చొక్కా ఒక చెయ్యి తొడుక్కున్నారు, రెండోది వేలాడుతోంది. హాస్పిటల్లో చేర్చాం. తలలో నెత్తురు చిమ్మిందట. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. కళ్ళతో అందరినీ గుర్తుపడుతున్నారు. నీ ఉత్తరం మర్నాడు వచ్చింది. ఇంట్లో ఎంత వెతికినా మాత్రల సీసా లేదని చెబితే నువ్వు రాసినదే పెద్ద డాక్టరు కూడా అన్నాడు, ఒక్కసారిగా ఎందుకు మానాడు, ఎవరు మానమన్నారు అని నన్ను కోప్పడ్డాడు. ఉప్పెనలా లేచిన బీపీ దిగాలంటే మళ్ళీ అదే మాత్ర వెయ్యాలట. అరగదీసి గొట్టంలోంచి వేస్తున్నారు. దిగింది. ఇప్పుడు ప్రాణానికి భయం లేదంటున్నారు.

నిన్న పిచ్చుక భార్య చూడ్డానికి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే ఆయన ఒకటే పెనుగులాట, నోట్లోంచి ఏదో శబ్దం. ఎడం చెయ్యి చాపారు. మంచినీళ్ళేమో అనుకున్నాను. ఆవిడకి అర్థమైంది. వచ్చి పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత ఆ చేతిని తీసి దుప్పటి మీద పెట్టేసి, "వెళ్ళొస్తాను వదినా" అని నాతో చెప్పి వెళ్ళిపోయింది. ఆయన వైపు చూడలేదు.

ఇంటికొచ్చి ఇది చదివాకే నాకు తెలిసింది ఆ చెయ్యి ఎందుకు చాపారో. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాలి, వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదురా. తాడు వదిలేసిన మాట నా నోటితో ఎలా చెప్పను? నువ్వు త్వరగా రా.

ఆయన ఇప్పుడు ఎవరొచ్చినా చెయ్యి చాపుతున్నారు. గది ఊడ్చే ఆవిడకి కూడా. పొద్దునా సాయంత్రం నర్సు వస్తుంది, ఆ చెయ్యి పట్టుకుని గడియారం చూసుకుంటుంది. చూసి, నాకు ధైర్యం చెబుదామని కాబోలు, నవ్వుతూ అంటుంది: "నాడి చాలా నిలకడగా ఉందమ్మా, కంగారు పడకండి."

అక్క